మూడు కలోనియల్ ఇళ్ళు, ఒక టావెర్న్

హెర్న్‌డన్, వర్జీనియా
ఏప్రిల్ 14

చిరంజీవి హనుమయ్యకి,

మీ బావ పరంధామయ్య, వేళ్ళకంటిన సిరా ఇంకా వదలకుండానే, దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అక్క కృష్ణకుమారీ కులాసా. నువ్వూ కనకదుర్గా కూడా అంతే అని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి, రిటైరయ్యాక ఈయనకి మతిపోయిందా అనుకుంటున్నావు కదూ? ఫోన్ మీద నీకూ నాకూ మాట సాగడం లేదయ్యా. మొన్న ఉగాదికి చేస్తే, "బావగారూ, ఒక్క నిమిషం, ఇంకో లైన్‌లో క్లయింట్" అన్నావు. ఆ ఒక్క నిమిషంలో నేను పచ్చడి తిని, గిన్నె కడిగి, ఓ కునుకు తీసి లేచాను. నువ్వింకా రాలేదు. ఇళ్ళమ్మే వాడివి, తీరిక ఉండదు, తెలుసు. ఉత్తరాన్నయితే హోల్డ్‌లో పెట్టలేవు. అందుకని ఈ ఏడాదంతా మన మధ్య ఉత్తరాలే. నీ నంబరు కనిపిస్తే ఫోన్ ఎత్తను.

ఈ బుద్ధి నాకు మార్లీస్ ఫోర్డ్‌లో పుట్టింది. మాకు గంట దూరంలో చిన్న ఊరు. పోయిన శనివారం పులిహోర డబ్బాలో పెట్టుకుని, మీ అక్క డ్రైవ్ చేస్తుంటే నేను తప్పు దారులు చెబుతూ, ఒక్క రోజు హౌస్ టూర్‌కి వెళ్ళొచ్చాం. మూడు కలోనియల్ ఇళ్ళు, ఒక టావెర్న్. నైనిక అని మన తెలుగు పిల్లే, కాలేజీలో చదువుతోందట, పాదాల దాకా గౌను, తలకి కుచ్చుల టోపీ పెట్టుకుని ప్రతి గదీ తిప్పి చూపించింది. పూర్వం ఉత్తరాలు ఆ టావెర్న్‌కే, అంటే ఆ కాలపు సారా సత్రానికే, వచ్చేవట. గుర్రం మీద సంచి రాగానే ఊరంతా అక్కడ పోగయ్యేదట. పక్క కొట్లో బాతు ఈకా సిరాబుడ్డీ అమ్ముతుంటే కొనేశాను.

మూడు ఇళ్ళలో మూడోది, ఎల్డ్రిడ్జ్ హౌస్, 1768లో కట్టింది. గడప దాటగానే మీ అక్క దానికి మనసిచ్చేసింది. పద్దెనిమిది ఎకరాలు, ఎనిమిది గదులు, ఒక్క బాత్రూమ్ లేదు. పదిహేను అన్నారు గానీ, మేం పెద్దవాళ్ళమని పన్నెండుకే ఇచ్చారు. మీ అక్క అక్కడికక్కడే కాగితాల మీద సంతకం పెట్టేసింది. ఇక మనం ఎప్పుడు వెళ్ళినా వాళ్ళు తలుపు తీయాల్సిందే.

ఈక మొండిబారింది కాబట్టి ఇంతటితో ముగిస్తూ,
మీ బావ,
పరంధామయ్య

తా.క. టావెర్న్‌లోంచి మీ అక్కని బయటికి తీసుకురావడానికి నాకు రెండు గంటలు పట్టింది.


ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
ఏప్రిల్ 20

గౌరవనీయులైన బావగారికి,

ఈ ఉత్తరం చేరేలోపు మీరు ఇంకే కాగితం మీదా సంతకం పెట్టకూడదని వెంకన్నకి మొక్కుకుంటూ హనుమయ్య నమస్కారాలు.

పదకొండు సార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. సరే, మీ దారికే వచ్చాను. పైమూల ఫోటోలో నవ్వుతున్నది నేనే, ఇది ఆఫీసు ప్యాడ్, ఏమనుకోకండి. మీ ఉత్తరం కార్‌లో రెండు రెడ్‌లైట్ల దగ్గర చదివాను. రెండో లైటు పచ్చబడినా కదల్లేకపోయాను. వెనకవాడు హారన్ కొట్టాడు. ఈ దేశంలో హారన్ కొట్టారంటే నేనెంతసేపు ఆగానో మీరే ఊహించుకోండి.

ఇల్లు చూడ్డానికి వెళ్తూ నాకు ఒక్క మాట చెప్పలేదా? ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పనేమిటి? నాది మిషిగన్ లైసెన్సు, వర్జీనియాలో అమ్మలేను, ఒప్పుకుంటాను. సలహా ఇవ్వడానికి లైసెన్సు అక్కర్లేదు, బావమరిది అయితే చాలు.

కలోనియల్ అంటే నాకా చెప్పేది! ఈ ఊళ్ళో నేనమ్మినవాటిలో సగం కలోనియల్సే. కింద హాలు, పైన నాలుగు బెడ్రూములు, ముందు రెండు తెల్ల స్తంభాలు. కానీ 1968లో కట్టిన ఇల్లు (ఈకతో రాయడం వల్ల మీ తొమ్మిది ఏడులా పడింది, నేను సర్దుకుని చదివాను) అంటే అందులో అల్యూమినియం వైరింగ్ ఉంటుంది. అది కొంపలు తగలబెట్టే రకం. పైగా పదిహేను లక్షల ఇల్లు పన్నెండుకి ఎందుకు దిగింది? మీ జుట్టు నెరిసిందని మూడు లక్షల డాలర్లు తగ్గించే మనిషి వర్జీనియాలోనే కాదు, భూమ్మీదే పుట్టలేదు. బాత్రూమ్ లేదన్నారు, మేడమీద లేదనే కదా మీ ఉద్దేశం? ఇన్స్పెక్షన్ చేయించారా?

ఇంతకీ ఆ నైనిక ఎవరు? వేషం వేసుకుని ఇళ్ళు చూపించడమేమిటి? నేనూ ఒకసారి దీపావళికి ఓపెన్ హౌస్ పెట్టి షేర్వాణీ వేసుకున్నాను, కాదనను. ఆ ఇల్లు అమ్ముడుపోలేదు కూడా. సొంత మనిషిని వదిలి కుచ్చుల టోపీ చూసి పడిపోతారా, బావగారూ!

మీ మేలుకోరి బీపీ పెంచుకున్న,
హనుమయ్య

తా.క. అక్క రెండు గంటలు టావెర్న్‌లో కూర్చుందా? ఏం తీసుకుంది?


హెర్న్‌డన్
ఏప్రిల్ 28

ప్రియమైన హనుమయ్యా,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో! పాత ఇళ్ళ మీద నీకింత ఆసక్తి ఉందని నాకు తెలీదు. ఇన్నేళ్ళుగా నీకు కొత్త కిచెన్లూ గ్రానైట్ గట్లూ తప్ప ఏవీ పట్టవనుకున్నాను. నీ హాస్యం కూడా ముదిరింది. "మూడు లక్షల డాలర్లు" అన్న చోట మీ అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

నీ ప్రశ్నలకి జవాబులు. ఏడు ఏడేనయ్యా, సర్దుకోనక్కర్లేదు. వైరింగ్ గురించి దిగులు పడకు, ఆ ఇంట్లో అసలు కరెంటే లేదు, కొవ్వొత్తులే. బాత్రూమ్ మేడమీదా లేదు, కిందా లేదు. పెరట్లో ఒక మరుగుదొడ్డి ఉంది గానీ దానికి తాళం వేశారు. వంటిల్లు ఇంటికి నలభై అడుగుల దూరంలో విడిగా ఉంది, నిప్పు భయానికి.

ఇన్స్పెక్షన్ అన్నావు, అదీ అయింది. నైనిక మేడమీద పడమటి గదిలో ఒక గోలీ నేలమీద పెట్టింది. ఎవరూ తోయకుండానే అది ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడ దాకా దొర్లుకుంటూ పోయింది. అందరం చప్పట్లు కొట్టాం. ముందుగదిలో ఇంటి యజమాని పోయిన మంచం ఇంకా అలాగే ఉంచారు, దుప్పటితో సహా. నేను మెత్తగా ఉందో లేదో చూద్దామని చెయ్యి పెట్టబోతే నైనిక, "అంకుల్, నో టచింగ్ ప్లీజ్! ఆయన దాంట్లోనే డెడ్ అయ్యారు" అంది. అమెరికాలో పుట్టిన పిల్ల, అయినా తెలుగు ఎంత ముద్దుగా మాట్లాడుతుందో.

ఇక టావెర్న్ సంగతి. మీ అక్క ఏం తీసుకుందని అడిగావు. వెన్న తీసింది. అక్కడ పొడుగాటి చెక్క గుండిగలో పాలమీగడ పోసి, కర్రతో దంచుతున్నారు. అరగంట దంచినా నురగ తప్ప ఏమీ రాలేదు. మీ అక్క చూసి చూసి, "జరగమ్మా" అని చీర కుచ్చెళ్ళు దోపి, పది నిమిషాల్లో నిమ్మకాయలంత ముద్దలు తేల్చింది. వాళ్ళు బిత్తరపోయారు. ఆదివారాలు వచ్చి టావెర్న్‌లో పని చేయమని అప్పుడే అడిగేశారు. జీతం లేదు. అయినా మీ అక్క ఒప్పుకుంది.

ఇంకొక ఈక ఆర్డర్ చేసిన,
మీ బావ

తా.క. మీ అక్కకి గౌను కొలతలు తీసుకున్నారు. నన్ను మోకాళ్ళ దాకా ప్యాంటు వేసుకోమన్నారు. మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకున్నాను.


ఫార్మింగ్టన్ హిల్స్
మే 5

బావగారికి,

నమస్కారాలు తర్వాత. ముందు విషయం.

1768లో కట్టిన ఇల్లు అని ఆ పిల్ల చెబితే నమ్మేశారా? కరెంటు లేదు, నీళ్ళు లేవు, వంటిల్లు పక్క వీధిలో ఉంది, శవం లేచిన మంచం సామానులో కలిపి అంటగట్టారు, నేల ఒరిగిపోతే చప్పట్లు కొట్టారు! వర్జీనియా రియల్టర్ల లైసెన్సు లిస్టు మొత్తం వెతికాను. నైనిక అనే పేరే లేదు. ఆమెకి లైసెన్సు లేదు, బావగారూ. మిమ్మల్ని నిలువునా ముంచుతున్నారు.

అక్కకి ఫోన్ చేశాను. మా సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అక్కా, నిజం చెప్పు. ఆ ఇల్లు నీకు నచ్చిందా, బావగారు బలవంతపెట్టారా?"

"నచ్చడమా! వదలబుద్ధి కాలేదురా."

"కరెంటు కూడా లేదటగా?"

"అదే దాని అందం."

"సంతకం పెట్టేశావా?"

"పెట్టేశాను. మీ బావగారి పేరు కూడా చేర్చాను. నువ్వూ దుర్గా ఎప్పుడొచ్చినా మీకూ ఫ్రీయే."

"ఈ వయసులో ఆదివారాలు టావెర్న్‌లో పని చేస్తావా?"

"ఆదివారాలేనా, బుధవారం కూడా రమ్మంటున్నారు. నా చేతి ఒడుపు అక్కడ ఎవరికీ లేదట. ఒరే, ఒక్క నిమిషం ఉండు, టావెర్న్ నుంచే ఫోన్..."

నన్ను హోల్డ్‌లో పెట్టింది బావగారూ. నన్ను! పదిహేను నిమిషాలు.

నాకు అర్థమైపోయింది. ఆ ఇంటికి నెలనెలా కట్టుకోవడం కోసం అరవై నాలుగేళ్ళ మా అక్క జీతం లేకుండా బార్‌లో పని చేస్తోంది. జీతమే లేకపోతే ఎలా కడుతుందో మాత్రం నా లెక్కకి అందలేదు. ఎల్డ్రిడ్జ్ హౌస్ ఓనర్‌కి మార్లీస్ ఫోర్డ్ అడ్రస్‌కే ఘాటుగా ఉత్తరం పడేశాను. ఇక నేనే వస్తున్నాను. ఎప్పుడో చెప్పను, చెబితే వాళ్ళు జాగ్రత్తపడతారు. కొనేవాడిలా వెళ్ళి, గుట్టంతా లాగి, మీ సంతకం వెనక్కి తెస్తాను. ఇలాంటివి నేను చాలా చూశాను.

మీరు నవ్వినా ఏమీ అనుకోని,
హనుమయ్య

తా.క. గోలీ దొర్లిన ముక్క దుర్గ నా చేత రెండుసార్లు చదివించుకుని, "ఎంత బావుందో!" అంది. మా ఇంట్లోనూ జబ్బు మొదలైంది.


హెర్న్‌డన్
మే 13

ప్రియమైన హనుమయ్యా,

వస్తున్నావా! ఆరేళ్ళయింది నువ్వు మా గుమ్మం తొక్కి. మీ అక్క అప్పుడే మెంతిపొడి దంచుతోంది. నీ ఉత్తరంలో సగం నాకు అర్థం కాలేదు గానీ, ఆ కోపమంతా మా మీద ప్రేమేనని తెలిసింది. ఆ పిల్లకి లైసెన్సు లేకపోతే ఏమయ్యా, ఆవిడేమన్నా బస్సు నడుపుతోందా?

ఒక్క మాట. వచ్చినప్పుడు అక్కడ గోడలు తట్టకు, మంచాల మీద కూర్చోకు. నీ అలవాట్లు నాకు తెలుసు. మా ఇంటికొచ్చిన ప్రతిసారీ బాత్రూమ్ టైల్స్ మీద కొట్టి చూస్తావు.

ఇక్కడ ఒక తమాషా జరిగింది, నీకు తప్పక చెప్పాలి. ఆ ఇళ్ళ బాగోగులు చూసే సొసైటీ ఆఫీస్‌కి మిషిగన్ నుంచి ఎవడో పిచ్చివాడు ఉత్తరం రాశాడట. "నా మనుషులకి అంటగట్టిన ఇంట్లో శవం మంచం ఉన్న సంగతి ముందే ఎందుకు చెప్పలేదు, గోలీ దొర్లే నేలకి పన్నెండు ఎలా అడిగారు, కోర్టుకి లాగుతాను" అని నాలుగు పేజీలు. నైనిక ఫోన్‌లో చదివి వినిపిస్తుంటే నవ్వలేక చచ్చాను. పేరు మాత్రం చెప్పలేదు, చెప్పకూడదట. ఆఫీసు గోడకి అంటించారట. ఆదివారం మీ అక్కని దింపడానికి వెళ్ళినప్పుడు చూస్తాను. మీ వైపు వాడే కదా, ఎవడో కాస్త వాకబు చెయ్యి.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,
మీ బావ

తా.క. పాపం, వాడి ఇంట్లోవాళ్ళు ఎలా వేగుతున్నారో!


ఒక మోటల్, మీకు పదిహేను నిమిషాల దూరం
మే 14

పూజ్యులైన బావగారికి,

తల ఎత్తుకోలేని హనుమయ్య నమస్కారాలు. మీరు చివరగా రాసిన ఉత్తరమేదైనా ఉంటే అది మా ఇంటి పోస్ట్‌బాక్స్‌లో పడి ఉంటుంది. మేం బయల్దేరి వచ్చేశాం. అందులో ఏముందో ఇప్పుడు నాకు తెలుసుననే అనుకుంటాను.

నిన్న దుర్గా నేనూ తొమ్మిది గంటలు డ్రైవ్ చేసి, ఈ పొద్దున సరాసరి మార్లీస్ ఫోర్డ్ వెళ్ళాం. సూటు వేసుకున్నాను. జేబులో కొలత టేపు, టార్చిలైటు, చిన్న చాకు. ఎల్డ్రిడ్జ్ హౌస్ ముందు కార్ ఆపగానే దుర్గ, "అబ్బ!" అంది. "మొహంలో ఏమీ కనపడనీకు, రేటు పెంచేస్తారు" అని హెచ్చరించాను. లోపల ఆఫీసు గదిలో కుచ్చుల టోపీ పిల్ల నిలబడి ఉంది. నేను నా ఇరవై రెండేళ్ళ అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని, "సో, ఎంత చెబుతున్నారు?" అన్నాను.

"అడల్ట్స్‌కి పదిహేను. సీనియర్స్‌కి పన్నెండు."

"లక్షలా?"

ఆ పిల్ల టికెట్ల బోర్డు వైపు చెయ్యి చూపించింది. "డాలర్స్, అంకుల్. ఇది మ్యూజియం."

బావగారూ, అప్పుడు నాకు మీ ఉత్తరాలన్నీ మొదటి అక్షరం నుంచి మళ్ళీ వినబడ్డాయి. అక్క సంతకం పెట్టింది మ్యూజియం మెంబర్‌షిప్ కాగితాల మీద! దుర్గ పక్కకి తిరిగింది, భుజాలు ఊగుతున్నాయి. ఇంతలో ఆ పిల్ల నన్నూ, నా వెనక గోడనూ మార్చి మార్చి చూడడం మొదలెట్టింది. తిరిగి చూద్దును కదా, గోడ మీద నా ప్యాడ్ కాగితం, పైమూల నవ్వుతూ నేను.

"అంకుల్... అది మీరా?"

"అన్నయ్య," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నాకు అన్నయ్య లేడని దుర్గ అక్కడే గట్టిగా చెప్పేసింది.

వెనక్కి తిరిగి వచ్చేయొచ్చు. కానీ టికెట్లు కొన్నాను, తొమ్మిది గంటలు వచ్చాను, ఇన్స్పెక్షన్ చేసి తీరాలనిపించింది. నైనిక మమ్మల్ని ముందు వంటింటికి తీసుకెళ్ళింది. నేను అటక ఎత్తు కొలుస్తున్నాను. నాలుగడుగుల రెండంగుళాలు. "అక్కడ ఏడుగురు పడుకునేవాళ్ళు," అంది. "ఈ ఇంటి బానిసలు. పేర్లు ఇక్కడున్నాయి." బోర్డు మీద ఏడు పేర్లు. అందులో ఇద్దరు పిల్లలు. దుర్గ ఒక్కొక్కటే పైకి చదివింది. నేను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. చాలాసేపు నాకు ఏ అంకే గుర్తు రాలేదు.

తర్వాత పెద్దింటి మేడమీద పడమటి గది. గోలీ దొర్లించింది. దుర్గ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఆ గోలీ దొర్లిన తీరు నాకు నచ్చలేదు. పాతబడి ఒరిగిన నేల మీద గోలీ నెమ్మదిగా పోతుంది. ఇది గోడకి మూడడుగుల ముందు ఒక్కసారిగా పరుగెత్తింది. కిందకి దిగి నేలమాళిగ చూపించమన్నాను. చూపించకూడదంది. నేను బతిమాలాను, దుర్గ కూడా బతిమాలింది. సరిగ్గా ఆ గది కింద, మేడ బరువు మోసే స్తంభం ఆనిన దూలం దగ్గర, నేల మీద సన్నటి పొట్టు, తాజాగా రాలింది. చాకు పెట్టాను. పిడి దాకా దిగింది, బెల్లంలోకి దిగినట్టు.

"ఈ గదిలోకి ఎవర్నీ పంపకు, అమ్మా," అన్నాను.

"రేపు స్కూల్ పిల్లలు వస్తున్నారు. నలభై మంది," అంది. మొహం పాలిపోయింది.

సొసైటీ ప్రెసిడెంట్ మిసెస్ వెదర్‌బీ అనే పెద్దావిడ చేతికర్రతో వచ్చింది. మొదట నా ఫోటోని గుర్తుపట్టి పోలీసుల్ని పిలవాలా అని చూసింది. చాకు దిగిన చోటు చూపించాక పోలీసులకి బదులు వడ్రంగికి కబురు పెట్టింది. మధ్యాహ్నానికి వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. దూలం లోపలంతా పురుగు డొల్ల చేసేసిందని, ఇంకో నలభై మంది ఒక్కసారి నిలబడితే ఏం జరిగేదో చెప్పలేనని అన్నాడు. గదికి తాడు కట్టేశారు.

ఇంకొక్కటి చెప్పాలి. ఫోన్‌లో అయితే చెప్పలేను. మిమ్మల్ని హోల్డ్‌లో పెట్టి క్లయింట్ అనేవాణ్ణి కదా. ఏడాదిగా నాకు క్లయింట్లు లేరు బావగారూ. అందరూ ఫోన్‌లోనే ఇళ్ళు చూసుకుంటున్నారు. ఎలా ఉంది వ్యాపారం అని మీరు అడిగేలోపు నేనే ఇంకో లైన్ కనిపెట్టేవాణ్ణి. మీరు వేరే వాళ్ళ చేత ఇల్లు కొనుక్కున్నారనుకున్నప్పుడు నాకు తగిలింది అందుకే. ఈ రోజు ఆ చాకు దిగినప్పుడు మాత్రం, చాలా రోజుల తర్వాత, నా పని నాకు వచ్చుననిపించింది.

మీ గుమ్మంలోకి ఏ మొహంతో రావాలో తెలీక మోటల్‌లో దిగిన,
హనుమయ్య

తా.క. ఆ కాగితం గోడ మీంచి తీసేయమని మిసెస్ వెదర్‌బీని అడిగాను. తీయదట. ఫ్రేమ్ కట్టిస్తుందట.


హెర్న్‌డన్
మే 15

ఒరే హనుమయ్యా,

మోటల్ వాళ్ళ కుర్రాడి చేత ఉత్తరం పంపిస్తావా! వాడు ఫుడ్ డెలివరీ అనుకుని గుమ్మంలో పెట్టి ఫోటో తీసుకుని పోయాడు. ఇదిగో, ఇది నేనే పట్టుకొచ్చి నీ గది తలుపు కింద తోస్తున్నాను. మీ అక్క కార్‌లో కూర్చుని హారన్ మీద చెయ్యేసి ఉంది.

తప్పు నాది కూడా. నువ్వు గుండెలు బాదుకుంటూ రాస్తే నేను హాస్యమనుకుని చప్పట్లు కొట్టాను. నువ్వు రెడ్‌లైట్ల దగ్గర చదివావు, నేను తీరిగ్గా కూర్చుని చదివి కూడా వినలేదు. ఎవరిది ఎక్కువ తప్పో మీ అక్క తేలుస్తానంది, ఆ తీర్పు కోసం నేను ఆగదల్చుకోలేదు.

ఆ రెండో సంగతి. క్లయింట్ లేనప్పుడు హోల్డ్‌లో పెట్టి ఒక్కడివే కూర్చునేవాడివా? ఆ కాసేపు నాతో మాట్లాడొచ్చు కదయ్యా! నేను మాత్రం ఏం చేస్తున్నాను, గిన్నె కడుగుతున్నాను.

మీ అక్క నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివింది. లక్షలా అన్న చోట నవ్వింది, చివర కళ్ళు తుడుచుకుంది, తర్వాత "నలభై మంది పిల్లల్నండీ మా తమ్ముడు కాపాడింది" అని వీధిలో ఎదురైన ప్రతివాళ్ళకీ చెబుతోంది. ఇప్పటికి అది ఎనభై మంది అయింది.

సూటు విప్పేసి, బ్యాగు సర్దుకుని, తలుపు తియ్యి.

తలుపు అవతలే నిలబడ్డ,
మీ బావ

తా.క. ఆ మిషిగన్ పిచ్చివాడి ఇంట్లోవాళ్ళ గురించి నేను రాసిన ముక్క నీ పోస్ట్‌బాక్స్‌లో ఉంటుంది. చదవకుండా చించెయ్యి.


ఎల్డ్రిడ్జ్ హౌస్, మార్లీస్ ఫోర్డ్
ఆగస్టు 28

పూజ్యులైన బావగారికి,

హనుమయ్య, కనకదుర్గ ఇద్దరూ కలిసి నమస్కరించి చెప్పుకుంటున్నది. కుర్చీలో కూర్చున్నాక చదవండి.

పైన అడ్రస్ తప్పు రాయలేదు. మేం మిషిగన్‌లో ఉన్నామని మీరనుకుంటున్నారు. ఈ నెల మొదటి నుంచి ఇక్కడే ఉంటున్నాం. ఈ ఇంటి వెనక, టూర్‌లో చూపించని భాగం 1930ల్లో కట్టింది, కరెంటూ నీళ్ళూ రెండు బాత్రూములూ ఉన్నాయి. అందులో కాపురముండి, ఇంటిని కనిపెట్టుకుని, మరమ్మతులు చూసుకునే దంపతుల కోసం సొసైటీ ఏడాదిగా వెతుకుతోందట. దూలం మార్చే పని ఎలా జరుగుతోందో చూద్దామని జూన్‌లో మేం మళ్ళీ వచ్చాం, మీకు చెప్పలేదు. నాకు కాదు, ముందు దుర్గకి తట్టింది ఆ ఆలోచన. నేను ఆలోచిస్తూండగానే మిసెస్ వెదర్‌బీ ఇచ్చిన కాగితాల మీద దుర్గ సంతకం పెట్టేసింది. వదినా మరదళ్ళిద్దరిదీ ఒకే చెయ్యి. అక్కకి మొదటి నుంచీ తెలుసు. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, మీరు ఉత్తరాల్లో ఏదీ దాచలేరట.

ఇల్లు కొనొద్దని మీకు చెప్పడానికి వచ్చినవాణ్ణి, నేనే పాత ఇంట్లో దిగాను. ఫార్మింగ్టన్ హిల్స్ ఇల్లు నేనే అమ్మకానికి లిస్ట్ చేశాను, నేనే చూపించాను, తొమ్మిది రోజుల్లో అమ్మేశాను. ఏడాది పైన నేనమ్మిన మొదటి ఇల్లు మాదే. షేర్వాణీ అవసరం పడలేదు.

పొద్దున్నే లేచి ప్రతి గదీ తిరిగి చెవి పెట్టి వింటాను. ఏ చెక్క ఎందుకు మూలుగుతోందో ఒక్కొక్కటే తెలుస్తోంది. నైనికకి కాలేజీ తెరిచారు, ఆవిడ బదులు నిన్న నేనే ఒక బృందాన్ని తిప్పాను. వంటింటి అటక దగ్గర ఏడు పేర్లూ చూడకుండా చెప్పగలిగాను. ఆదివారాలు అక్క టావెర్న్‌లో పని ముగించుకుని, గౌను ఎత్తిపట్టుకుని పొలానికి అడ్డం పడి మా ఇంటికి వచ్చేస్తుంది. ముగ్గురం వెనక మెట్ల మీద కూర్చుని వెన్నా పచ్చడీ కలుపుకుని తింటాం. నాలుగో మెట్టు మీకోసం ఖాళీగా ఉంది.

రాతిగోడలు, బావగారూ, ఇక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. రోడ్డు మీదకి వెళ్ళి చేయొచ్చు గానీ, ఎందుకు? గంట దూరంలో ఉండి మీకు ఉత్తరం రాయడం నాకు బాగుంది. ఇది అక్క చేతికిచ్చి పంపుతున్నాను.

మీ రాకకి గుమ్మం కడుగుతున్న,
హనుమయ్య

తా.క. రేపు వెనక గుమ్మం వైపు రండి. ఇంకో మాట. మంటల భయానికి ఇక్కడ పొగ పసిగట్టే యంత్రం నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపారు. మొదటి రోజు దుర్గ చారుకి ఇంగువ పోపు పెడితే రెండు ఫైరింజన్లు వచ్చాయి. పాపం ఆ కుర్రాళ్ళు ఊరికే పోలేదు, తలా రెండు గ్లాసుల చారు తాగి వెళ్ళారు. మిసెస్ వెదర్‌బీ మాత్రం పోపు నిషేధించింది. కాబట్టి వచ్చేటప్పుడు స్వీట్లేమీ వద్దు, పోపు అక్కడే వేయించి ఒక గిన్నెడు తెండి.